ఐదో బొమ్మ గురించి మీకు చెప్పవలసినది

ఉగాదికి ముందు నేను తెచ్చిన పన్నెండు బొమ్మల సెట్టు మీలో 112 మందికి చేరింది. 2013 నుంచి 2015 వరకు వేసిన ఆరు పాత బొమ్మలనూ, గత రెండేళ్లలో వేసిన ఆరు కొత్త బొమ్మలనూ పక్కపక్కన పెడితే ఒకే చేతిలో వచ్చిన మార్పు కనబడుతుందని ఏ3 సైజులో అచ్చు వేయించిన సెట్టు అది. అందులో ఐదోది, అంటే మిద్దె మీద మా అమ్మమ్మ వడియాలు పెడుతున్న బొమ్మ, నేను వేసినట్టుగా మీకు అందలేదు. ఈ సంగతిని నాకంటే ముందు మీలో ఇద్దరు పసిగట్టారు. చెన్నైలోని పెరంబూరు నుంచి ఒకరు, వెనక కొట్టు బోర్డు మీద ఉన్నది కన్నడమా అని అడిగారు. మొదటి నుంచీ ప్రతి సెట్టూ కొంటున్న మరొకరు, "మీరు కూడా ఏఐతో బొమ్మలు చేయించడం మొదలుపెట్టారా అండీ?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మొదటిదానికి నవ్వుకున్నాను. రెండోది చదివాక ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ బొమ్మ 2014లో వేసినది. అప్పట్లో మేము చెన్నై జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. 2015 డిసెంబరు మొదట్లో అడయారు నది పొంగి ఇంట్లోకి మొలలోతు నీళ్లు వచ్చినప్పుడు, బల్ల కింది అరలో ఉన్న హార్డ్ డిస్కు మునిగిపోయింది. మిగతా అయిదు పాత బొమ్మల పెద్ద ఫైళ్లు మా అన్నయ్య ఇంట్లో సీడీల మీద ఉండబట్టి బతికాయి కానీ, అమ్మమ్మ బొమ్మకు మిగిలింది ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న చిన్న జేపెగ్ ఫైలు ఒక్కటే. దాని పొడవు 2048 పిక్సెళ్లు. ఏ3 కాగితం మీద ఇంచికి 300 చొప్పున అచ్చు వేయాలంటే పొడవులో 4961 కావాలి. ఉన్నదాన్ని అలాగే సాగదీస్తే ఇంచికి 124 మాత్రమే వస్తాయి. గోడకు తగిలించిన బొమ్మను ఎవరూ ముక్కు ఆనించి చూడరు కనుక, కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదనీ, ఫైలును ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టే వేయమనీ ఏడేళ్లుగా పని ఇస్తున్న ప్రెస్సుకు చెప్పాను. ముట్టుకోవద్దన్న ఆ మాట వాట్సాప్‌లో ఇప్పటికీ ఉంది.

ప్రెస్సులో ఫైళ్లు సిద్ధం చేసే అబ్బాయికి ఆ మసక నచ్చలేదట. బొమ్మను పెద్దది చేసే ఒక ఏఐ సాఫ్ట్‌వేరులో దాన్ని వేసి, వచ్చినదాన్ని నన్ను అడగకుండానే అచ్చు ప్లేటుకు ఎక్కించాడు. అలాంటి సాఫ్ట్‌వేరు ఉన్న గీతను పెద్దది చేసి ఊరుకోదు. లేని పిక్సెళ్లను తాను అంతకుముందు చూసిన లక్షల బొమ్మలను బట్టి ఊహించి నింపుతుంది. దాని ఊహలో మా అమ్మమ్మ చెంపల మీది ముడతలు సాపయ్యాయి. బోర్డు మీద నేను కుంచెతో రాసినట్టు వేసిన "కాఫీ పొడి"లో గుడిదీర్ఘం కాస్తా చదునైన తలకట్టుగా మారింది, "డి" ఉండవలసిన చోట సున్న లాంటిదేదో కూర్చుంది. వీటన్నిటినీ ఎలాగో ఓర్చుకున్నాను. అయితే మా అమ్మమ్మ చిన్నతనంలో బావి గిలక మీద పడి విరిగిన చిటికెన వేలు వంకరగా అతుక్కుపోయింది, గుమ్మడి వడియాల పిండిని తడిగుడ్డ మీద పెడుతున్నప్పుడు ఆ ఒక్క వేలు పైకి లేచి ఉండేది, ఆ బొమ్మ వేసిందే ఆ వేలి కోసం. ఇప్పుడు మీ దగ్గర ఉన్న కాగితంలో ఆ వేలు తిన్నగా ఉంది. గోరు కూడా నిగనిగలాడుతోంది.

నా తప్పు నేను చెప్పుకోవాలి. కొత్త బొమ్మల్లో ఉన్న తెలుగు అక్షరాలన్నిటినీ ముందే అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్చి పంపాను, ఎందుకంటే తెలుగు చదవడం రానిచోట ఫైలు తెరిస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడినా పట్టించుకునేవారు ఉండరు. ఆ ఆరింటి ప్రూఫులను, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా కాపీలను, కిటికీ వెలుతురులో నిలబడి ఒక్కొక్కటే చూశాను. పాతవాటి ప్రూఫులు కూడా తీయమంటారా అని వాళ్లు అడిగితే, పాతవే కదా, అక్కర్లేదన్నది నేనే. అచ్చయి వచ్చాక కూడా కట్టలు విప్పకుండానే ట్యూబుల్లో చుట్టి పంపేశాను.

ప్రెస్సు యజమాని మాత్రం, "క్లియర్‌గా వచ్చింది కదా మేడమ్, ఆ పనికి మేము విడిగా డబ్బు కూడా వేసుకోలేదు" అన్నారు. ఆయన అబద్ధమాడడం లేదు, నిజంగానే నాకు మేలు చేశానని అనుకుంటున్నారు. నాకు మరీ కష్టంగా ఉన్నది అదే. కాగితం ఖర్చులో సగం ఇస్తామన్నారు. వద్దన్నాను. అది తెలివితక్కువ పనని మా ఇంట్లో అందరూ అంటున్నారు, అననివ్వండి.

ఆ తరువాత ఏం చేయాలన్నదే మూడు వారాలు తినేసింది. మళ్లీ వేయమని ఇంట్లోవాళ్లు, స్నేహితులు అందరూ ఒకే మాట చెప్పారు. నేనూ రెండుసార్లు ఐప్యాడ్ మీద వేశాను. అందరూ బాగుందన్నారు, నిజంగానే బాగుంది. పాత బొమ్మలో పిట్టగోడ గీత ఎడమ వైపుకు వాలి ఉంటుంది, ఎండ ఒక వైపు నుంచి వస్తుంటే అమ్మమ్మ నీడ కూడా అదే వైపున పడుతుంది. కొత్తదానిలో గోడ తిన్నగా నిలబడింది, నీడ సరైన చోట పడింది. రెండోసారి పూర్తిచేసిన రాత్రి, గోడను తిన్నగా నిలబెట్టిన నాకూ వేలును తిన్నగా చేసిన ఆ సాఫ్ట్‌వేరుకూ ఏం తేడా ఉందని అనిపించి, రెండింటినీ పక్కన పెట్టేశాను. 2014లో నాకు అంతే వచ్చు. ఆ సంగతి కనబడడం కోసమే ఈ సెట్టు వేసుకున్నప్పుడు ఆ ఒక్క బొమ్మను దిద్దుకోవడం మీకు అబద్ధం చెప్పడమే అవుతుంది.

కాబట్టి ఆ జేపెగ్‌నే, ఏమీ మార్చకుండా, ఇంచికి 300 చొప్పున ఎంత వస్తే అంతే వేయిస్తున్నాను. ఏ3 కాగితం నడుమ పదిహేడు సెంటీమీటర్ల బొమ్మ వస్తుంది, చుట్టూ తెల్ల కాగితం మిగులుతుంది. మిగతా పదకొండింటి పక్కన ఇది చిన్నపిల్లలా కనిపిస్తుందని నాకు తెలుసు. పెద్దదే కావాలని అడిగినా వేయించను.

కొత్త కాగితం ఈ నెలాఖరులోగా 112 మందికీ నా ఖర్చుతోనే పంపుతాను. వద్దనుకున్నవారు చెబితే సెట్టు ధర 1,800లో ఆ బొమ్మ వంతు 150 రూపాయలు వెనక్కి వేస్తాను. మిగిలిన 68 సెట్ల అమ్మకం అప్పటివరకు ఆపాను. ప్రెస్సు మార్చాను, ఇకమీదట పాతదైనా కొత్తదైనా ప్రతి ప్రూఫు మీద నా సంతకం పడ్డాకే మెషీను తిరుగుతుంది. శ్రావణమాసం పెళ్లికార్డుల పని నాకు ఇచ్చినవారు కంగారు పడనక్కర్లేదు, అవి వేరే చోట అచ్చవుతున్నాయి.

ఏఐ గురించి అడిగినవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. కొత్త ఆరు బొమ్మలూ ఐప్యాడ్ మీద బొమ్మలు వేసుకునే ప్రొక్రియేట్ అనే యాప్‌లో నా చేత్తో వేసినవి, మొదటి గీత నుంచి చివరి రంగు దాకా టైమ్‌లాప్స్ వీడియో అందులోనే రికార్డయి ఉంది, అడిగితే పంపుతాను. అమ్మమ్మ బొమ్మకు అలాంటి ఆధారం ఏదీ నా దగ్గర లేదు, కొత్త కాగితం అందాక ఆ పిట్టగోడనూ నీడనూ మీరే చూసుకోవాలి.

ఇప్పుడు మీ దగ్గర ఉన్న తప్పుడు కాగితాన్ని తిరిగి పంపనక్కర్లేదు. పిల్లలు వెనక వైపు గీసుకోవడానికి ఇవ్వండి, పుస్తకాలకు అట్టలు వేసుకోండి, గోడకు మాత్రం తగిలించకండి.