అది వలస కాదు

సంపాదకుల వారికి నమస్కారములు.

గత ఆదివారం మీ పిల్లల పేజీలో హిట్లర్ కాలపు యూదు బాలబాలికల గురించి వచ్చిన వ్యాసాన్ని మా మనవరాలికి చదివి వినిపించాను. శ్రద్ధగా రాసిన వ్యాసమే. అయితే ఆ పిల్లలు ఇంగ్లండుకు "వలస వెళ్లారు" అన్న చోట ఆమె నన్ను ఆపి, "మన వీధివాళ్లు సూరత్ వెళ్లినట్టేనా తాతయ్యా? మరి పండక్కి ఇంటికొచ్చేవారా?" అని అడిగింది. గంజాం, గజపతి జిల్లాల్లో వలస అంటే మాకు తెలిసింది అదే: మరమగ్గాల పనికి పోవడం, ఇంటికి డబ్బు పంపడం, ఏడాదికోసారి తిరిగి రావడం.

ఆ పిల్లలది అటువంటి ప్రయాణం కాదు. 1938 నవంబరు 9 రాత్రి వారి ప్రార్థనా మందిరాలను తగలబెట్టి, దుకాణాలను పగలగొట్టిన తర్వాత, అదే నెల 15న జర్మన్ బడుల్లో ఇంకా మిగిలి ఉన్న యూదు పిల్లలను కూడా వెళ్లగొట్టారు. ముప్పై ఏళ్లు తరగతిలో హాజరు పిలిచిన నాకు ఈ ఒక్క సంగతి మిగతా వాటన్నిటికంటే బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ పేర్లు కొట్టివేసింది కూడా నావంటి ఉపాధ్యాయులే. దేశం విడిచిపోదామంటే ఆస్తిపరులైన పెద్దలు అందులో నాలుగో వంతు పన్నుగా కట్టాలి, పాస్‌పోర్టు మీద యూదులని తెలిపే ఎర్రటి "జె" అక్షరం ముద్ర పడాలి. ఇంత చేసినా రానిచ్చే దేశం దొరకాలి కదా, ఆ ఏడాది జులైలోనే ఫ్రాన్సులోని ఎవియాన్‌లో ఈ శరణార్థుల విషయమై సమావేశమైన 32 దేశాల్లో చాలావరకు సానుభూతి పలికి ఊరుకున్నాయి.

చివరకు బ్రిటన్ 17 ఏళ్లలోపు పిల్లలను తల్లిదండ్రులు వెంట లేకుండా రానిచ్చింది. 1938 డిసెంబరు నుంచి యుద్ధం మొదలయ్యే వరకు సుమారు 10,000 మంది, ఒక పెట్టె, 10 మార్కుల డబ్బుతో రైలెక్కి, ఆపై ఓడలో సముద్రం దాటారు. మాట కూడా సరిగా రాని పసివాళ్లను పెద్ద పిల్లల ఒళ్లో పెట్టి పంపిన తల్లులున్నారు. తామూ త్వరలో వస్తామని చెప్పిన ఆ తల్లిదండ్రుల్లో చాలామందిని పిల్లలు మళ్లీ చూడలేదు.

పండక్కి ఇంటికొచ్చేవారా అన్న ప్రశ్నకు, రావడానికి వారికి ఇల్లు మిగలలేదని మా మనవరాలికి చెప్పాను. మీ పేజీలో "వలస వెళ్లారు" అన్న మాట కొట్టివేసి, పైన "ప్రాణాలు దక్కించుకోవడానికి వెళ్లారు" అని కలంతో రాసి ఆమె చేతికిచ్చాను. వచ్చే ఆదివారం మీరు కూడా ఆ సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా