టచ్‌డౌన్‌ను తెలుగు చేయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆఖరి పోటీ అయిన సూపర్ బౌల్ వార్తకు మీ క్రీడల పేజీలో ‘ఫుట్‌బాల్ ఫైనల్’ అని శీర్షిక పెట్టారు. లోపల ‘రక్షణ ద్వారా రెండు పాయింట్లు’ అని రాశారు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ని. మూడుసార్లు చదివినా నాకు బోధపడలేదు. డాలస్ దగ్గర ఉండే మనవడికి ఫోన్ చేశాను.

“అది సేఫ్టీ తాతయ్యా. బంతి ఉన్నవాణ్ని వాళ్ల సొంత ఎండ్ జోన్‌లోనే, అంటే మైదానం కొసన ఉండే వాళ్ల గడిలోనే, పడగొడితే అవతలి జట్టుకు రెండు పాయింట్లు.”

“పడగొడితే సేఫ్టీ ఏమిట్రా?”

“సేఫ్టీ అనే ఆటగాడు కూడా ఉంటాడు. అది వేరే.”

అప్పటి నుంచి వాడు నాకు మాస్టారు. ఆ ఆటలో పేర్లు సగం పాతబడి, అర్థం ఊడిపోయినవే. టచ్‌డౌన్ అంటే బంతిని నేలకు తాకించడం అనుకుంటాం. తాకించనక్కర్లేదు, బంతి ఎదుటివాళ్ల ఎండ్ జోన్ గీత దాటితే చాలు, 6 పాయింట్లు. ఒకప్పుడు తాకించాల్సి వచ్చేదట. ఈ ఆటకు మూలమైన రగ్బీలో ఇప్పటికీ తాకించాల్సిందే, కానీ అక్కడ దాన్ని ‘ట్రై’ అంటారు! క్వార్టర్‌బ్యాక్, హాఫ్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్ అనేవి ఆట మొదలయ్యే గీతకు ఎవరు ఎంత వెనక నిలబడతారో చెప్పే పేర్లు. పావు, అర, పూర్తి, మన తూకాల లెక్కే. ఇప్పుడు ఆ పూర్తివాడు చాలాసార్లు అరవాడి కంటే ముందు నిలబడుతున్నాడు.

నాకు బాగా నచ్చింది టాకిల్. ప్రో కబడ్డీ పుణ్యమా అని టాకిల్ అంటే పట్టు అని మన పిల్లలందరికీ తెలుసు. అక్కడ టాకిల్ ఒక స్థానం పేరు కూడా. దాడి చేసే జట్టులోని టాకిల్ పని బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లను అడ్డుకోవడం. పేరుకు తగ్గట్టు ఎదుటివాణ్ని గట్టిగా పట్టుకున్నాడా, హోల్డింగ్ ఫౌల్ కింద 10 గజాలు వెనక్కి. పట్టుకోకూడని పట్టు! ఎదుటి జట్టులో వెనక కాపలాకు ఐదుగురుంటే ‘నికెల్’, అంటే ఐదు సెంట్ల నాణెం. ఆరుగురైతే ‘డైమ్’. డైమ్ అంటే పది సెంట్లు కదా అంటే, నికెల్ తర్వాతి నాణెం అదేనని జవాబు.

చేతులతో ఆడేదానికి ఫుట్‌బాల్ ఏమిటని వెక్కిరించడం నాకిష్టం లేదు. రగ్బీ కూడా ఫుట్‌బాలే. మనం అమెరికా మాట అనుకునే ‘సాకర్’ పుట్టింది ఇంగ్లండ్‌లో, అసోసియేషన్ ఫుట్‌బాల్ నుంచి.

కాబట్టి నా మనవి. టచ్‌డౌన్, సేఫ్టీ, డౌన్ లాంటి మాటలను అలాగే తెలుగు లిపిలో రాయండి. మొదటిసారి వచ్చినచోట ఒక్క ముక్కలో చెప్పండి: ‘డౌన్, అంటే 10 గజాలు ముందుకు వెళ్లడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో ఒకటి’ అని. క్రికెట్‌లో సిల్లీ పాయింట్‌ను ‘వెర్రి బిందువు’ అని రాయడం లేదు కదా! శీర్షికలో మాత్రం ‘అమెరికన్ ఫుట్‌బాల్’ అని ఉండాలి. న్యూజెర్సీలో జెయింట్స్, జెట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు ఆడే స్టేడియాన్నే 2026 సాకర్ ప్రపంచ కప్ ఫైనల్‌కు ఎంచుకున్నారు (ఆ రెండు జట్ల పేర్లలోనూ ఉండేది న్యూయార్క్!). రెండు ఆటలకూ ఒకే మైదానమైనప్పుడు ఉత్త ‘ఫుట్‌బాల్’ అంటే ఏదని తెలుస్తుంది? సూపర్ బౌల్‌కు రోమన్ అంకెలు వేయడం కూడా మానేయండి. 50వ దానికి వాళ్లే మానేశారు, రోమన్ అంకెల్లో 50 అంటే వచ్చే ఎల్ ఒక్కటీ బాగుండదని.

ఈ తొందరంతా 2028 ఒలింపిక్స్ కోసం. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో లాస్ ఏంజెలెస్ క్రీడలకు క్రికెట్‌తో పాటు అమెరికన్ ఫుట్‌బాల్‌లోనే ఒక రకమైన ఫ్లాగ్ ఫుట్‌బాల్‌నూ ఒప్పుకున్నారు. క్రికెట్ కోసం ఆ పేజీ తెరిచేవాళ్ల కంట ఇదీ పడుతుంది. అందులో పడగొట్టడం ఉండదు, నడుముకు వేలాడే పట్టీ లాగేస్తే చాలు. ఆ పట్టీనే ఫ్లాగ్. తప్పు జరిగితే అంపైర్లు విసిరే పసుపు గుడ్డ పేరు కూడా ఫ్లాగే. దయచేసి ‘జెండా ఫుట్‌బాల్’ అని మాత్రం రాయకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
తెనాలి