భాషకు గూడు కట్టిన ఊరు

ప్రియమైన శేఖర్,

పోయిన వారం ఇనారి వెళ్లి వచ్చాను. ఫిన్లాండ్ పటం తీసి పైకి పైకి చూసుకుంటూ పో. రోవానియెమి దాటి బస్సులో మరో అయిదు గంటలు వెళితే సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊరు వస్తుంది, అదే ఇనారి. మార్చి నెలాఖరైనా సరస్సు ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంది. తిరిగి వచ్చిన రోజు నుంచీ నీకు రాయాలని మనసు పీకుతోంది, ఇప్పటికి తీరిక దొరికింది.

అక్కడ సామీ ప్రజల మ్యూజియం ఉంది, పేరు సీడా. సామీలంటే ఉత్తర ఐరోపా చలి ప్రాంతాల ఆదివాసులు. హెల్సింకీలోని జాతీయ మ్యూజియం తన దగ్గర పెట్టుకున్న సామీ వస్తువులను, రెండు వేలకు పైగా, 2021లో ఇక్కడికి తిరిగి ఇచ్చేసింది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా ఉన్నాయి అవి. రెయిన్‌డీర్ కాలి తోలుతో కుట్టిన బూట్ల ముందు చాలాసేపు నిలబడిపోయాను. ముక్కు పైకి వంగి ఉంటుంది, స్కీ పట్టీలోంచి కాలు జారిపోకుండా. లోపల మేజోళ్లు ఉండవు. ఎండబెట్టి మెత్తగా చేసిన గడ్డి కూరుతారు, పాదం చుట్టూ అదే వెచ్చగా పట్టుకుంటుంది. ఎంత తెలివి, ఎంత ఓపిక! కుట్టుపని చేసే సామీ వాళ్లు ఇలాంటి పాత వస్తువులను దగ్గరగా చూసి, కుట్టు ఎటు నుంచి ఎటు పోయిందో గమనించి, మరిచిపోయిన పనిని మళ్లీ చేతికి తెచ్చుకుంటున్నారు. వస్తువులు తిరిగి రావడం అంటే నాకు అదీ.

అయితే నీకు చెప్పాలనుకున్నది బూట్ల గురించి కాదు.

ఫిన్లాండ్‌లో సామీ భాషలు మూడు. వాటిలో ఈ సరస్సు చుట్టుపక్కల పుట్టిన ఇనారి సామీని మాట్లాడేది ఎప్పుడూ కొన్ని వందల మందే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లలను దూరపు హాస్టలు బడుల్లో వేశారు. అక్కడ చదువంతా ఫిన్నిష్‌లోనే. ఆ పిల్లలు పెద్దవాళ్లై, తమ పిల్లలు ఆ అవస్థ పడకూడదని ఇంట్లో కూడా ఫిన్నిష్ మాట్లాడారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు శేఖర్. బిడ్డ మీద ప్రేమతోనే కదా మాట దాచుకున్నది! కానీ 1990ల నాటికి ఆ భాష మాట్లాడే పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వచ్చింది.

అప్పుడు వాళ్లు చేసిన పని విను. 1986లోనే భాష కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. 1997లో, న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలను చూసి, బడి ఈడు రాని పిల్లల కోసం ‘భాషా గూడు’ తెరిచారు. గూటిలో పెద్దవాళ్లు ఇనారి సామీ తప్ప మరో మాట ఎత్తరు. పిల్లవాడు ఫిన్నిష్‌లో అడిగినా జవాబు సామీలోనే.

గూడు నడిపే మనుషులు ఎక్కడి నుంచి రావాలి? తాతలకు వచ్చు, మనవలు నేర్చుకుంటున్నారు, మధ్య తరానికి రాదు. అందుకని 2009-10లో పదిహేడు మంది పెద్దవాళ్లు ఏడాది పాటు వేరే పని పెట్టుకోకుండా భాష నేర్చుకోవడానికే కూర్చున్నారు. తరగతి గదితో సరిపెట్టుకోలేదు. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లతో కలిసి పని చేస్తూ, వాళ్ల నోటి నుంచి మాటలు తీసుకున్నారు. ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు వచ్చాక పసిపిల్లల్లా తప్పులు మాట్లాడడానికి ఎంత గుండె కావాలి! వాళ్లలోంచే టీచర్లు, గూళ్లలో పనిచేసేవాళ్లు వచ్చారు. నా మటుకు నాకు ఆ పదిహేడు మందే ఈ కథలో వీరులు.

ఒకటి మాత్రం నన్ను బాధ పెట్టింది. సామీల సంప్రదాయ దుస్తుల మీద పట్టీలు, రంగులు చూసి ఆ మనిషి ఏ ఊరో, ఏ ఇంటివాళ్లో చెప్పేస్తారు. అలాంటి బట్టలకు చవకబారు నకళ్లు తయారుచేసి, సామీలు కానివాళ్లకు తొడిగి పర్యాటకులతో ఫోటోలు తీయించే వ్యాపారం ఉంది. ఇలాంటివి మానమని సామీ పార్లమెంటు, అంటే సామీలు తమ కోసం ఎన్నుకునే సభ, 2018లో నియమాలు రాసి అడగాల్సి వచ్చింది. ఒకరి ఇంటిపేరును వేషంగా వేసుకోవడం కాదా అది?

ఊరి చివర ఒక గూడు కంచె పక్కనుంచి నడుస్తున్నాం. మంచులో ఆడుతున్న ఒక బుడతడి చేతితొడుగు ఊడిపడింది. ఆయమ్మ దాన్ని దులిపి తొడిగింది. వాడు తలెత్తకుండానే ‘తక్కా’ అన్నాడు. ధన్యవాదాలు అని అర్థమట. నాతో ఉన్నావిడ, అక్కడే పుట్టి పెరిగిన మనిషి, గొంతు పెగలక కాసేపు ఆగిపోయింది. వాళ్ల అమ్మకు ఆ మాట వచ్చు, తనకు రాదు.

ఎండాకాలంలో రెయిన్‌డీర్ దూడల చెవులకు కత్తితో గాట్లు పెట్టి గుర్తులు వేస్తారు, ఎవరి గుర్తు వాళ్లది. చూడడానికి రమ్మని ఆవిడ పిలిచింది. సెలవు పెట్టుకుని జూన్ చివరికల్లా వచ్చెయ్, ఇద్దరం వెళదాం. అర్ధరాత్రి కూడా పొద్దు గుంకదు, దోమలు మాత్రం తినేస్తాయట. పొడుగు చేతుల చొక్కాలు తెచ్చుకో.

నీ
మాధవ్