మిషన్లు సరే, రాయి కోసే మనిషి ఎక్కడ?

సంపాదకుడు గారికి,

ఖనిజాన్వేషణ ల్యాబ్‌లకు కొత్త పరికరాలు రావాలంటూ పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. మా కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. ఈ ఊరివాడిగా నాకది గర్వకారణం, అందుకే ఇప్పుడే చెప్తున్నాను. వార్త నిండా ఎక్స్‌ఆర్‌ఎఫ్, ఎక్స్‌ఆర్‌డీ లాంటి, రాయిలో ఏముందో చెప్పే పెద్ద మిషన్ల పేర్లే. కోర్‌ను (బోరులోంచి తీసిన రాతి కడ్డీని) కోసే డైమండ్ రంపం గురించీ, దాన్ని నడిపే మనిషి గురించీ ఒక్క ముక్క లేదు.

వందల మీటర్ల బోరు వేసి తీసిన కోర్‌ను తెచ్చి నేరుగా మిషన్‌లో పెట్టరు. లోతు రాసిన చెక్కముక్కల మధ్య పెట్టెలో వరుస తప్పకుండా పేర్చాలి. నీళ్లు చల్లి చారలు, పగుళ్లు చూసి రాసుకోవాలి. నిలువునా కోసి సగం దాచి, మిగతా సగం పిండి చేసి పరీక్షకు పంపాలి. మైక్రోస్కోపు కిందికైతే రాతి ముక్కను గాజు స్లైడుకు అతికించి, గాజు పలక మీద కార్బోరండం అనే గరుకు పొడితో 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయాలి. మైక్రోస్కోపులో కాంతిని ఒకే దిశకు వడకట్టే పోలరైజర్ల మధ్య క్వార్ట్జ్ అనే ఖనిజం పసుపు పోయి బూడిద రంగుకు దిగిందా, చెయ్యి ఆపాలి. ఇంకో నాలుగు రుద్దులు పడితే స్లైడు మీద రాయే మిగలదు. ఆ పనితనం ఏళ్ల తరబడి చేస్తేనే వస్తుంది.

నేను పనిచేసిన కాలేజీలో స్లైడ్లు చేసే ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు నింపనే లేదు. రంపం బ్లేడు అరిగిపోతే కొత్తదానికి ఫైలు కదల్లేదు. లక్షలు పోసిన మిషన్ మాత్రం వచ్చింది, రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు. వారంటీ అయిపోగానే రిపేరుకు డబ్బుల్లేవన్నారు. పిల్లలు పుస్తకంలో బొమ్మలు చూసి పరీక్షలు రాశారు. కోర్ పెట్టెలు వరండాలో వానకు చివికి, ముక్కలన్నీ కలిసిపోయాయి. ఏ లోతుదో తెలియని కోర్ దేనికి పనికొస్తుంది? మళ్లీ బోరు వేయాల్సిందే, మళ్లీ ప్రజల డబ్బే.

ఏ శాఖలో చూసినా ఇదే వరస. ఆసుపత్రికి స్కానింగ్ మిషన్ వస్తుంది, ఆపరేటర్ రాడు. కాంట్రాక్టు మీద కుర్రాణ్ణి పెట్టి నెలల తరబడి జీతం ఆపితే అతను మాత్రం ఎందుకుంటాడు? అడిగితే పై ఆఫీసు పేరు చెప్తారు.

2025 జనవరిలో కేంద్రం క్రిటికల్ మినరల్స్ మిషన్ (కీలక ఖనిజాల పథకం)కు 16,300 కోట్లు ఆమోదించింది. నేల కింద ఏముందో తేల్చేది చివరికి ఈ కోర్ ముక్కలే. రంపాలకు, గ్రైండర్లకు, కోర్ షెడ్లకు, పర్మనెంట్ టెక్నీషియన్లకు అందులోంచి వాటా ఇవ్వాలి. కొత్తగూడెంలో మిషన్ల టెండర్ కన్నా ముందు టెక్నీషియన్ పోస్టుల నోటిఫికేషన్ రావాలి. స్లైడ్లు చేయడం తెలిసిన పాతవాళ్లు ఇంకా కొందరున్నారు, పిలిస్తే వచ్చి నేర్పుతారు.

– రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా