సున్నపు గోడకు సిమెంటు పూత వద్దు

సంపాదకులకు,

అయ్యా,

నేను చదువుకున్న పాత కాలేజీ లైబ్రరీని బాగుచేయబోతున్నారని తెలిసి సంతోషించాను. పనుల జాబితా చూశాక ఆ సంతోషం సగం పోయింది. ఫాల్స్ సీలింగ్, ఏసీలు, అద్దాల తలుపులు, గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్. పుస్తకాల మాట ఎక్కడో చివర ఉంది, పాతవి గోడౌనుకు తరలిస్తారట.

ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పాతికేళ్లకు పైగా సున్నంతోనూ సిమెంటుతోనూ కాపురం చేసినవాణ్ణి కాబట్టి ముందు గోడల సంగతి చెబుతాను. మన డెల్టాలో చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే ఊట నీరు. పాత గోడ పునాదిలోంచి ఆ చెమ్మను పీలుస్తూనే ఉంటుంది. సున్నం పూత ఉంటే పీల్చింది పీల్చినట్టు బయటికి ఆరిపోతుంది. దానిమీద సిమెంటు మెత్తితే ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు తేలి పెచ్చులు ఊడతాయి. ఆ లైబ్రరీ వెనక గదికి లోగడ ఇలాగే సిమెంటు పూశారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి నడుమెత్తు దాకా పొక్కులు, గోడకు ఆనించిన బీరువాలో పుస్తకాలకు బూజు. ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట సిమెంటు లేని రోజుల్లో సున్నంతో కట్టిందే. వందేళ్లకు పైగా కాలవలకు నీళ్లిచ్చింది. అయినా సున్నమంటే మన ఇంజినీర్లకు పాతచింతకాయ పచ్చడి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఇక్కడి కాలేజీలు మద్రాసు యూనివర్సిటీ కిందే ఉండేవి. అప్పటి పుస్తకాలు ఆ బీరువాల్లో ఇంకా ఉన్నాయి. ఒకటి తెరిచి చూశాను, కాగితం ఆత్రేయపురం పూతరేకులా చేతిలోనే విడిపోయింది. వీటిని గోనె సంచుల్లో కుక్కి పంపితే తిరిగొచ్చేది పొట్టే. ముందు లెక్క రాయాలి, స్కాన్ చేయించాలి, ఆ తర్వాతే కదపాలి.

పిల్లల ఇబ్బందులు నాకు తెలియకపోలేదు. మా మేనకోడలు గ్రూప్-2కి అక్కడే చదువుతోంది. ఉన్నవి రెండే ప్లగ్గులు, వాటికోసం పొద్దున్నే వెళ్లి బ్యాగు పెట్టి చోటు పట్టుకుంటుంది. సాయంత్రం ఐదింటికి తాళం పడితే మెట్ల మీద కూర్చుని ఫోన్ లైటుతో చదువుతుంది. ఏసీల మాట చెబితే, "ఏసీ ఎందుకు మావయ్యా, రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచి, ఆడపిల్లలకో బాత్రూమ్ కట్టిస్తే చాలు" అంది. నిజానికి ఆ ఎత్తైన కప్పు కింద ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఏప్రిల్‌లో కూడా గాలి ఆడుతుంది. ఆ కప్పునే ఫాల్స్ సీలింగ్‌తో మూసేస్తామంటున్నారు!

ప్లాస్టరింగ్ మొదలుపెట్టేముందు వెనక గదిలో ఒక గజం మేర సిమెంటు గీకించి, లోపలి గోడను అధికారులు చేత్తో తడిమి చూడాలని మనవి. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇద్దరున్నారు. అడిగితే నేనే వెంటబెట్టుకొస్తాను.

– ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, ఆలమూరు