రొయ్యల గుంట మీద మా ఉమ్మడి తరగతి

నెల్లూరు

ప్రియమైన తీర్మానాల రాయుడికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇంట్లో అందరం క్షేమం, అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నవాడు పదో తరగతికి వచ్చాడు. తక్కిన కబుర్లు తర్వాత రాస్తాను; ఈ వారం తరగతిలో జరిగింది నీకు చెప్పేదాకా నా మనసు ఊరుకోదు.

మెరైన్ బయాలజీ, కామర్స్, సోషల్ వర్క్ విద్యార్థులను ఒకే గదిలో కూర్చోబెట్టి అనువర్తిత నీతిశాస్త్రం, అంటే నిజ జీవితపు చిక్కుల్లో ఏది న్యాయమో ఆలోచించే పాఠం, చెప్పే పని నాకు అప్పగించారు. కాంట్, మిల్ వంటి తత్వవేత్తల సిద్ధాంతాలతో మొదలుపెడితే పిల్లలు నిర్వచనాలు రాసుకుని, పరీక్షలో అప్పజెప్పి, మరచిపోతారని నా నమ్మకం. అందుకని మన తీరంలో ఎవరికైనా ఎదురు కాగల చిక్కునే బోర్డు మీద రాశాను. వనామి రకం రొయ్యల గుంటలో తెల్లమచ్చ తెగులు కనబడింది. అప్పుల్లో ఉన్న రైతు, మందుల దుకాణంవారి మాట నమ్మి నిషేధించిన యాంటీబయాటిక్ వాడి, హడావిడిగా రొయ్యలు పట్టించి అమ్మకానికి పంపాడు. నమూనాలో దాని అవశేషం ల్యాబ్ కుర్రవాడి కంటబడింది. అతడు ఏం చేయాలి?

మెరైన్ బయాలజీ అబ్బాయి వెంటనే లేచి, తెల్లమచ్చ వైరస్ వల్ల వచ్చేది కాబట్టి యాంటీబయాటిక్ దానికి పనిచేయనే చేయదని, ముందు మోసపోయినవాడు రైతేనని అన్నాడు. దానితో ప్రశ్న ల్యాబ్ నుంచి దుకాణం మీదికి మళ్లింది. కామర్స్ వాళ్లు ఒప్పుకోలేదు. క్లోరాంఫెనికాల్ వంటి నిషేధిత యాంటీబయాటిక్ దొరికి ఎగుమతి సరుకు తిరిగొస్తే, ఆ మందు ముట్టని రైతుకూ ధర పడిపోతుందని, నివేదిక దాచడం వాళ్లందరికీ ద్రోహమని వాదించారు. మనం చదువుకునే రోజుల్లో మెస్సు పెరుగు మీద నువ్వు చేయించిన ఓటింగ్ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

అప్పుడు సోషల్ వర్క్ అమ్మాయి, “ఇందులో మా బోరు లేదేం సార్?” అని అడిగింది. వాళ్ల ఇంటి వెనక గుంటలు తవ్వాక బోరు నీళ్లు ఉప్పగా మారాయట. వాళ్ల అమ్మ బియ్యం ఆ నీళ్లతోనే కడిగి, అన్నానికి మాత్రం క్యాను నీళ్లు కొలిచి పోస్తుందట. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ల్యాబ్ నియమావళి కొనుగోలుదారుకూ, లెక్కల నియమావళి వాటాదారుకూ జవాబు చెబుతుంది గానీ, ఆ బోరు ఏ శాఖ పాఠంలోనూ లేదు. పీహెచ్‌డీ విద్యార్థులకు 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పెట్టిన పరిశోధనా నైతికత కోర్సు అవసరమైనదే, అయినా అది ఈ బోరుదాకా రాదు.

మర్నాడు పిల్లల చేత 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదివించాను. వ్యవసాయ భూములను, ఉప్పు మడులను రొయ్యల గుంటలుగా మార్చకూడదని, కాలుష్యం చేసినవారే నష్టపరిహారం కట్టాలని ఆ తీర్పు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి గుంటల నమోదును తప్పనిసరి చేసింది. నమోదైన గుంట వల్ల కూడా పక్కింటి బోరు ఉప్పైతే తప్పు ఎవరిదని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. అంతవరకు ధరల గురించే మాట్లాడిన కామర్స్ కుర్రవాడు, ఆ గుంటకు అప్పిచ్చిన బ్యాంకుకు కూడా అందులో భాగముందన్నాడు. నిజానికి నేను దీని గురించే నీకు…

బస్సు వేళ అయింది, ఇక ఆపక తప్పదు. నువ్వు బ్యాంకులో రోజూ అప్పుల ఫైళ్లు చూసేవాడివి. గుంటకు అప్పు మంజూరు చేసేటప్పుడు పక్క పొలాల నీళ్ల సంగతి మీరు అడుగుతారా? వచ్చే తరగతిలో చదివి వినిపించాలి, తప్పకుండా రాయి.

నీ
కిటికీ బెంచీవాడు