249 గ్రాములు

చిరంజీవి కార్తీక్‌కు నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన డ్రోన్ వీడియోను నేనూ మీ అమ్మా రెండుసార్లు చూశాం. అమ్మ ఆ కొండల మీది నీరెండను చూసి మురిసిపోయింది గాని, నా చూపంతా డ్రోన్ నీ నుంచి ఎంత దూరం పోయిందో చెబుతూ తెర మూలనున్న అంకె మీదనే ఉంది; అది 1,900 మీటర్లు దాటేసరికి నువ్వు నిలబడ్డ మేడే కాదు, మీ వీధి ఆనవాలు కూడా లేదు.

ఫోనులో అడిగితే, "249 గ్రాములే నాన్నా, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు" అన్నావు. అమెరికాలో 250 గ్రాముల లోపు డ్రోన్‌ను సరదాకు ఎగరేసేవారికి ఆ వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే డ్రోన్ కంటికి ఆనుతూ ఉండాలన్న నియమానికీ, సరదాకు ఎగరేసేవారు ఆన్‌లైన్‌లో రాయవలసిన ట్రస్ట్ అనే భద్రతా పరీక్షకూ, నిషేధిత గగనతలానికీ ఆ వెసులుబాటు వర్తించదు.

2025 జనవరి 9న మీ లాస్ ఏంజెలెస్‌లో జరిగిందేమిటో నీకు తెలియనిది కాదు. పాలిసేడ్స్ ప్రాంతపు కార్చిచ్చును ఆర్పడానికి కెనడాలోని క్విబెక్ నుంచి వచ్చిన సూపర్ స్కూపర్ విమానం, నీటి మీద పొట్ట ఆనించి పన్నెండు సెకన్లలో దాదాపు ఆరు వేల లీటర్లు తోడుకుపోగలిగినది, ఒక డ్రోన్ తగిలి ఎడమ రెక్కకు మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు బొక్క పడి, కొన్ని రోజులపాటు మూలనపడింది. పైలట్లు క్షేమంగా దిగడం మన అదృష్టం. ఆ డ్రోన్ కూడా 250 గ్రాముల లోపుదే సుమా! దాన్ని ఎగరేసినవాడు దుర్మార్గుడేమీ కాదు. మంటలు చూద్దామని శాంటా మోనికాలో ఒక పార్కింగ్ భవనం పైఅంతస్తు నుంచి రెండున్నర కిలోమీటర్లు పంపి, దాన్ని కంటికి దూరం చేసుకున్నాడు. నేరం ఒప్పుకుని, 65 వేల డాలర్లకు పైగా పరిహారానికీ, 150 గంటల సమాజ సేవకూ తలవంచాడు.

అతడూ నీలాగే తెరనే నమ్మాడు. కెమెరా తాను ఎటు తిరిగితే అటే చూస్తుంది. పక్కనుంచి దిగివచ్చే హెలికాప్టర్‌ను అది నీకు చూపించదు. పైగా మంటల మీద డ్రోన్ కనబడితే చాలు, ఢీకొనకపోయినా ఆర్పే విమానాలను దించేయవలసి వస్తుంది, ఈలోగా ఎవరి ఇల్లో కాలిపోతుంది. కనుక ఇకమీదట ఎగరేసే ముందు ఆ ప్రాంతంలో నిషేధం ఉందేమో చూసుకో, 400 అడుగులు దాటకు, నువ్వు తెర చూస్తున్నంతసేపూ ఆకాశం చూసేందుకు ఒక స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టుకో.

సంక్రాంతికి నీ డ్రోన్‌ను ఇక్కడికి తేవద్దు. విదేశీ డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలోనే నిషేధించింది. శంషాబాద్‌లో కస్టమ్స్ వారు తీసేసుకుంటారు. పెట్టెలో ఆ చోటు ఖాళీగా ఉంచు, తిరుగు ప్రయాణంలో సున్నుండలు సర్దుతానంటోంది మీ అమ్మ.

ఇట్లు,
నాన్న